ఆ పిండికట్టు కోసింది నేనే

ఎక్స్-రే అంటే నీడ. పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా ఈ మాట ఏటా పదో తరగతి పిల్లలకు చెబుతాను. 1895 నవంబరులో జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఆ కిరణాలను కనిపెట్టడం, డిసెంబరులో తన భార్య చేతికే ఫోటో తీయడం, అందులో వేలి ఎముకా దాని మీది ఉంగరమూ తేలడం, 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కడం, అన్నీ ఇష్టంగా చెబుతాను. తర్వాత రెండు సుద్దముక్కల్ని కొసలు ఆనించి టార్చిలైటు ముందు పట్టుకుంటాను. వెలుతురు ఆ సందు వెంబడి నేరుగా పోతే గోడ మీద నీడలో సన్నటి గీత కనిపిస్తుంది. చేతిని కాస్త పక్కకు తిప్పితే గీత మాయమైపోతుంది. ముక్కలు రెండే. నీడ మాత్రం ఒకటే.

ఇంత తెలిసిన నేను మా పెద్దబ్బాయి మణికట్టు ఫిల్ములో గీత కనబడలేదు కాబట్టి ఎముక విరగలేదని తీర్మానించాను. నొప్పి అని వాడు అన్న ప్రతిసారీ ఆ ఫిల్మునే చూపించి నోరు మూయించాను. నెలల తరబడి అలా చేశాను.

మాది పలాస వైపు. ఇంటర్ పూర్తిచేసిన కుర్రాళ్లు తెల్లవారకముందే రోడ్ల మీద పరుగు తీస్తూ కనిపించే జిల్లా మాది. ఆర్మీ ర్యాలీ అంటే ఇక్కడ ఇంటింటి విషయం. 1600 మీటర్ల పరుగు, బీమ్ పట్టుకుని పైకి లాగడం, 9 అడుగుల గొయ్యి దూకడం అందరికీ కంఠతా వచ్చు. మావాడూ ఆ గుంపులో ఒకడు. ఒక పొద్దున గొయ్యి దూకుతుంటే అవతలి గట్టు మీద కాలు జారింది. వెనక్కి పడబోతూ కుడి అరచెయ్యి నేలకు ఆనించాడు. ఒంటి బరువంతా వెనక్కి వంగిన మణికట్టు మీద పడింది.

ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అడిగిన ప్రతిదానికీ నేనే జవాబు చెప్పాను. ఎలా పడ్డాడు, ఎక్కడ నొప్పి, వేళ్లు ఆడుతున్నాయా, అన్నిటికీ నేనే. మావాడు బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి చూసి, విరిగినట్టు కనబడటం లేదన్నారు. అంతటితో ఊరుకోలేదు కూడా. బొటనవేలు మొదట్లో నొక్కితే నొప్పి ఉంది కాబట్టి అనుమానం తీరేదాకా కట్టు ఉండాలని, పది రోజుల తర్వాత మళ్లీ ఎక్స్-రే తీయాలని చెప్పారు. బొటనవేలిని కూడా కలుపుకుని పిండికట్టు వేశారు. చీటీ మీద అదే రాశారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాకు వినిపించింది మాత్రం మొదటి సగమే.

మిగతా సగం ఎందుకు వినిపించలేదో చాలాకాలం ఆలోచించాను. ర్యాలీ దగ్గరపడుతోంది, అదొకటి. విరగలేదని చెబుతూనే మళ్లీ ఫిల్ము ఎందుకు, డబ్బులకే కదా అన్న అనుమానం ఒకటి. ఊళ్లో నలుగురం కూర్చుంటే ఆసుపత్రుల గురించి అనుకునే మాటలు నా నోటి నుంచీ వచ్చేవి. కానీ వీటన్నిటి కింద ఉన్నది నా గర్వం. ఫిల్ము చూడటం నాకు తెలుసనుకున్నాను. కిటికీ దగ్గర పెట్టుకుని ప్రతి ఎముక అంచూ వేలితో వెంబడించాను. ఎక్కడా తెగలేదు. వాపు కూడా నాలుగు రోజుల్లో తగ్గింది. కట్టును నీళ్లలో నానబెట్టి, మా ఇంటి కుట్టుమిషను కత్తెరతో నేనే కోసేశాను.

"డాక్టరు గారు తీయమన్నారాండీ?" అని మా ఆవిడ అడిగింది. ఎముక బాగానే ఉన్నప్పుడు కట్టెందుకు, కీలు పట్టేస్తుంది అని జవాబిచ్చాను. మావాడు "ఉండనీ నాన్నా" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

ఆ కట్టు కింద ఏమి జరుగుతోందో చెప్పాలి. అది తెలియక ఇంకెవరైనా కత్తెర పట్టుకుంటారేమోనని నాకు భయం.

మణికట్టులో చిన్న ఎముకలు ఎనిమిది, రెండు వరసల్లో ఉంటాయి. బొటనవేలి వైపున్న స్కేఫాయిడ్ ఆ రెండు వరసల్నీ కలుపుతూ వాటి మధ్య వాలుగా కూర్చుంటుంది. పరిమాణంలోనూ వంపులోనూ మా పలాస జీడిపప్పంత ఉంటుంది. మణికట్టు చిన్న ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే, అదీ ఎక్కువగా కుర్రాళ్లలో, చెయ్యి చాచి పడినప్పుడు. వాలుగా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి మామూలుగా తీసే ఫిల్ములో దాని నీడ పొట్టిగా, పక్క ఎముకల మీద పడి కనిపిస్తుంది. బీట సన్నగా ఉండి కిరణం దాని వెంబడి పోకపోతే గీత రాదు. మొదటి రోజు ఫిల్ములో ఐదింట ఒకటి దాకా దొరక్కుండా పోతాయని తర్వాత తెలుసుకున్నాను. పది, పన్నెండు రోజులకు విరిగిన అంచుల్లో ఎముక కొంత కరిగి బీట వెడల్పవుతుంది. అప్పుడు అది కనిపిస్తుంది. పది రోజుల తర్వాత రమ్మన్నది ఇందుకు.

ఇక రక్తం సంగతి. నాడి చూసేటప్పుడు మన వేలి కింద కొట్టుకునే ధమని నుంచే ఈ ఎముకకు ఎక్కువ రక్తం అందుతుంది. అయితే ఆ కొమ్మలు ఎముకలోకి వేళ్ల వైపు కొసన ప్రవేశించి, అక్కడి నుంచి వెనక్కి మోచేతి వైపు కొసకు పోతాయి. ఎముక నడుం దగ్గర విరిగితే వెనకటి ముక్కకు దారి తెగుతుంది. కదలకుండా పట్టి ఉంచితే సన్నటి నాళాలు మళ్లీ దాటుకుంటాయి. కదిలితే ప్రతిసారీ తెగుతాయి. మొదట్లోనే కట్టు వేసి, పక్కకు జరగని నడుం విరుపును రెండు మూడు నెలలు పట్టి ఉంచితే పదింట తొమ్మిది అతుక్కుంటాయి. నాలుగు వారాలు దాటాక చికిత్స మొదలైతే అతకని ముప్పు బాగా పెరుగుతుంది. మా అబ్బాయికి ఆ నెలల్లో నేను చేయించింది బీమ్ ప్రాక్టీసు.

బీమ్ దగ్గర వాడి చెయ్యి నిలిచేది కాదు. వేలాడగలడు, పైకి లాగబోతే బొటనవేలి వైపు కలుక్కుమని వదిలేసేవాడు. భయం అన్నాను. బద్ధకం అన్నాను. తమ్ముడి ముందు, వాడి స్నేహితుల ముందు కూడా అన్నాను. నొప్పి మందు రాసి సాగే గుడ్డ చుట్టి పంపేవాణ్ణి. అన్నం కలిపేటప్పుడు వాడి మణికట్టు బిగుసుకుపోవడం మా ఆవిడ చూసి చెప్పింది. నేను చూడలేదు. ర్యాలీలో పరుగు బాగానే తీశాడు. బీమ్ దగ్గర రెండో లాగుకే చెయ్యి జారింది. ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. ఆ రాత్రి వాడితో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

మధ్యలో ఒకసారి పక్క ఊళ్లో బెణుకులు తీసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తైలం గిన్నె పక్కన పెట్టుకుని మావాడి చెయ్యి అందుకున్నాడు. బొటనవేలు పైకి లేపమని, దాని మొదట్లో రెండు స్నాయువుల మధ్య ఏర్పడే గుంటలో వేలితో నొక్కాడు. మా తాత ముక్కుపొడుం పోసుకునే చోటు అది. మావాడు భుజం దాకా ముడుచుకుపోయాడు.

"ఇది బెణుకు కాదు మాస్టారూ. నేను రాయను. ఫోటో తీయించండి."

"తీయించాం. ఏమీ లేదు" అని సంచిలోంచి ఫిల్ము తీసి చూపించాను. ఆయన దాన్ని అందుకోలేదు. "మళ్లీ తీయించండి" అన్నాడు. చదువుకోని మనిషి, ఏం తెలుసు అనుకుంటూ తిరిగొచ్చాను. డాక్టరు చెప్పినదే ఆయనా చెప్పాడని నాకు తట్టలేదు. ఇద్దరూ ఆ చేతిని ముట్టుకుని చూశారు. నేను ఫిల్మునే చూశాను.

ఇలాంటి పెద్దల మీద నాకు చులకన ఇప్పుడు లేదు. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగు ఊరు లేదు. ఆకుపసర్లు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి కట్టే కట్టుకు అంత పేరు ఊరికే రాలేదు. భుజం దగ్గరి కాలర్ ఎముక, పక్కటెముకలు, చిన్నపిల్లల ముంజేతి విరుపుల్లో చాలావరకు కదలకుండా ఉంచితే ప్రకృతే అతికిస్తుంది. వాటికి పైన సజీవమైన పొర ఉంటుంది. విరిగినచోట రక్తం గడ్డకట్టి అందులోంచి కొత్త ఎముక మొలుచుకొస్తుంది, వేలితో తడిమితే బొడిపె తగులుతుంది. స్కేఫాయిడ్‌కు ఆ సౌకర్యం చాలా తక్కువ. చుట్టూ కీళ్లే కాబట్టి దాని ఒంటి మీద ఎక్కువ భాగం నున్నటి మృదులాస్థి ఉంటుంది. బయటి నుంచి బొడిపె కట్టదు, లోపల్నుంచి నెమ్మదిగా అతకాలి. తొడ ఎముక మెడ విరిగిన ముసలివాళ్ల సంగతీ కొంత ఇలాంటిదే. అక్కడా రక్తపుదారి తెగుతుంది, ఆకుకట్టు దాన్ని కలపలేదు. ఏ ఎముకకు కట్టు చాలు, దేనికి ఆపరేషన్ కావాలి అన్నది బయటి నొప్పిని బట్టి తేలదు. ఇంట్లో కూర్చుని నాలాంటివాడు తేల్చగలిగేది అసలే కాదు.

చివరికి విశాఖపట్నం తీసుకెళ్లింది నేను కాదు, మా ఆవిడ తమ్ముడు. నేను వెంట వెళ్లాను. అక్కడి ఎముకల డాక్టరు గారు ఫిల్ముల కవరు పక్కన పెట్టి ముందు ఆ గుంటలో వేలు పెట్టారు. తర్వాత అరచేతి వైపు అదే ఎముక బొడిపె మీద నొక్కారు. బొటనవేలిని నిలువుగా లోపలికి తోశారు. మూడింటికీ మావాడి ముఖం మారింది. మణికట్టును చిటికెనవేలి వైపు వంచి, స్కేఫాయిడ్ పొడుగ్గా కనిపించేలా ఎక్స్-రే తీయించారు.

తెర మీద అది రెండు ముక్కలుగా ఉంది. సన్నటి గీత కాదు. మధ్యలో ఖాళీ, ఖాళీకి రెండు వైపులా అంచులు గుండ్రంగా అరిగి తెల్లగా గట్టిపడి ఉన్నాయి. అతకడానికి చూసి చూసి మానుకున్న ఎముక అలా ఉంటుందట. సి.టి. తీస్తే ఎముక నడుం దగ్గర వంగి గూను కట్టిందని తేలింది. వెనకటి ముక్కలో ప్రాణం ఉందో లేదో చూడటానికి ఎం.ఆర్.ఐ. కూడా తీశారు. ఇలాగే వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ మణికట్టు మొత్తం అరిగిపోతుందని, వాతం వచ్చిన ముసలి చెయ్యిలా తయారవుతుందని చెప్పారు. వాడికి అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండలేదు.

అప్పుడు ఆయన కాగితం మీద రాసుకుంటూ అడిగారు. "మొదట వేసిన కట్టు ఎన్నాళ్లుంచారు?"

"నేనే తీసేశాను సార్, దురద పుడుతోందని" అన్నాడు మావాడు.

నా వైపు చూడలేదు. తడుముకోకుండా చెప్పాడు. డాక్టరు గారు తల ఊపి, రోగి కట్టు తనంతట తానే తొలగించుకున్నాడని కేసు షీటులో రాశారు. ఈ కాలం పిల్లలకు ఓపిక ఉండదని ఒక మాట అన్నారు కూడా. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. కట్టు కోయడం తెలివితక్కువతనం. ఆ నిమిషంలో నోరు మూసుకుని కూర్చోవడాన్ని తెలివితక్కువతనం అని తప్పించుకోలేను. ఇన్నాళ్లూ నిజం చెప్పినప్పుడు వాణ్ణి నమ్మలేదు. నన్ను కాపాడటానికి అబద్ధమాడితే నమ్మినట్టు తలవంచుకున్నాను.

ఆపరేషన్ గురించి డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. అరచేతి వైపు నుంచి మణికట్టు తెరుస్తారు. గట్టిపడిన అంచులు చెక్కేసి, మంచి ఎముక కనిపించేదాకా వెళ్తారు. నడుం పక్కన కటి ఎముక అంచు నుంచి చిన్న ముక్క తీసి ఆ ఖాళీలో ఇమిడిస్తారు, గూను సరిచేస్తారు. అంతా కలిపి ఒక స్క్రూతో బిగిస్తారు. ఆ స్క్రూ గురించి విన్నప్పుడు నాలో ఉపాధ్యాయుడు లేచాడు. టిమోతీ హెర్బర్ట్ అనే ఆస్ట్రేలియా సర్జన్ తయారుచేసిన పద్ధతి అది, 1984లో ఫిషర్ అనే సహరచయితతో కలిసి దాని ఫలితాలు ప్రకటించాడు. దానికి తల ఉండదు. రెండు కొసలకూ మరలు ఉంటాయి. ముందు కొస మరల మధ్య ఎడం ఎక్కువ, వెనక కొస మరల మధ్య ఎడం తక్కువ. కాబట్టి ఒక చుట్టు తిప్పినప్పుడు ముందు కొస దాని ముక్కలో ఎక్కువ దూరం, వెనక కొస దాని ముక్కలో తక్కువ దూరం నడుస్తాయి. ఆ తేడా మేరకు రెండు ముక్కలూ దగ్గరికి వస్తాయి. తల లేదు కాబట్టి స్క్రూ మృదులాస్థి కిందికి పూర్తిగా దిగిపోతుంది, కీలును గీరదు, మళ్లీ తీయాల్సిన పనీ సాధారణంగా ఉండదు. ఇంత చక్కటి ఆలోచన నా కొడుకు చేతిలోకి ఎందుకు వెళ్లాల్సి వస్తోందో గుర్తొచ్చి బొమ్మ మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

ఆపరేషన్ రోజు రెండు గంటలకు పైగా పట్టింది. బయటికి వచ్చి డాక్టరు గారు చెప్పిన మొదటి మాట, వెనకటి ముక్కలో రక్తపు చుక్కలు కనిపించాయని. చేతికి బిగించిన రక్తం ఆపే పట్టీ వదులు చేసి, ఎముక లోపల చుక్కలు పుడతాయో లేదో చూస్తారట. పుట్టకపోతే అతకడం కష్టం. మా ఆవిడ ఆ మాటకు ఏడ్చింది. నాకు ఏడ్చే హక్కు ఉందనిపించలేదు.

తర్వాత మళ్లీ పిండికట్టు. నెలల పాటు. ఈసారి కత్తెర ఎక్కడుందో కూడా నేను వెతకలేదు. సిగరెట్టు తాగితే ఎముక అతకడం మందగిస్తుందని డాక్టరు గారు వాడికి ఒంటరిగా చెప్పారు. సి.టి.లో ఎముక ఆ చివర నుంచి ఈ చివరకు కలిసిందని చూసిన తర్వాతే కట్టు తీశారు. ఆ పైన ఫిజియోథెరపీ. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి ముంచి వంచడం, మెత్తటి బంతి పిసకడం, రెండు అరచేతులూ జోడించి మోచేతులు పైకెత్తడం. ఎడమ చెయ్యి ఎంత వంగుతుందో కుడి చెయ్యి అంత వంగదు, ఇక వంగదు కూడా. అరచెయ్యి నేలకు ఆనించి లేవలేడు, పిడికిలి మీద లేస్తాడు. ఆర్మీ మాట ఇంట్లో ఎవరం ఎత్తం. డిగ్రీ చదువుతున్నాడు, మా ఊరి కుర్రాళ్లకు పొద్దున్నే పరుగు నేర్పిస్తున్నాడు. గొయ్యి దగ్గర ఎవడైనా చెయ్యి ఆనించి పడితే ముందు ఆ గుంటలో నొక్కి చూస్తాడు. నొప్పి అంటే ఆ రోజుకు ప్రాక్టీసు ఆపించి ఆసుపత్రికి పంపుతాడు. ఫిల్ములో ఏమీ లేదని తిరిగొస్తే పదో రోజున మళ్లీ పంపుతాడు. తండ్రులు గొణిగితే నా దగ్గరికి పంపమని చెప్పాను. కొందరు వచ్చారు. ఫిల్ము నేను చూడనని వాళ్లకు చెప్పి, నా చీటీ తీసి చూపించాను.

చివరి రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టరు గారి ముందు కేసు షీటు తెరిచి ఉంది. నేను చేతులు కట్టుకుని చెప్పాను. "సార్, ఇందులో ఒక మాట తప్పుంది. ఆ కట్టు వాడు తీయలేదు. నేను కోసేశాను. వాడు ఉండనీ అన్నా కోశాను."

"ఇప్పుడెందుకు నాన్నా" అన్నాడు మావాడు.

డాక్టరు గారు నన్ను కాసేపు చూశారు. వైద్యానికి దానివల్ల మారేదేమీ లేదన్నారు. అయినా పెన్ను తీసి ఆ వరస కొట్టేసి, పక్కన తండ్రి అని రాసి సంతకం పెట్టారు. తర్వాత పేజీ తిప్పి, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగారు.

జవాబు నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"మామూలప్పుడు లేదు సార్" అన్నాడు వాడు. "బరువు ఎత్తి వెనక్కి వంచితే చివర్లో పట్టేస్తుంది. చలికాలం పొద్దున కొంచెం ఎక్కువ. బొటనవేలి వైపు కాదు, పైన, ఇదిగో ఇక్కడ."